మిలిటరీ భర్త ఇంటికి డబ్బు పంపకపోతే మెయింటెనెన్స్‌కి (భరణానికి) దరఖాస్తు ఎలా పెట్టాలి (నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకి)

భర్త మిలిటరీలో ఉంటాడు, నెలల తరబడి ఇంటికి రూపాయి రాదు, ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తినా "నేనున్న చోటు చెప్పకూడదు, నా డ్యూటీ సీక్రెట్" అని పెట్టేస్తాడు. ఇక అర్జీ ఎవరికి పెట్టాలి, ఏ అడ్రస్‌కి పంపాలి అని కావలి, ఆత్మకూరు, ఉదయగిరి, ఒంగోలు వైపు ఆడవాళ్లు అడుగుతూనే ఉంటారు. ముందే చెప్పేస్తున్నా, ఆయన ఎక్కడున్నాడో ఏం చేస్తున్నాడో మీకు తెలియక్కర్లేదు. ఆర్మీ నంబర్ ఉంటే పని మొదలవుతుంది. ఆయన పని రహస్యం కావచ్చు, జీతం మాత్రం రహస్యం కాదు, అందులో మీకూ పిల్లలకూ రావాల్సింది అసలే రహస్యం కాదు.

సీక్రెట్ డ్యూటీ అనేది ప్రతిసారీ సాకే అని నేననను. 1995లో పోఖ్రాన్ ఏర్పాట్లు అమెరికా ఉపగ్రహాల కంట్లో పడి అణుపరీక్ష ఆగిపోయింది, అందుకే 1998లో 58 ఇంజినీర్ రెజిమెంట్ జవాన్లు రాత్రుళ్లు పని చేసి తెల్లారేసరికి యంత్రాలన్నీ ఎక్కడివక్కడ పెట్టేసేవాళ్లు. అబ్దుల్ కలాం గారంతటి మనిషి మేజర్ జనరల్ పృథ్వీరాజ్ అనే పేరుతో మిలిటరీ యూనిఫాంలో తిరిగారు. మే 11న మధ్యాహ్నం 3.45కి భూమి అదిరేదాకా ఆ పనిలో ఉన్నవాళ్లు ఇళ్లలో కూడా నోరు విప్పలేదు. అమెరికాలో అయితే ఇంకా అన్యాయం. నెవాడా ఎడారిలో 1951 నుంచి జరిపిన పరీక్షల దగ్గర నిలబెట్టిన సైనికులు అక్కడ ఏం చూశారో భార్యకీ చెప్పకూడదు, వైద్యం చేసే డాక్టరుకీ చెప్పకూడదు, ఆ నోటితాళం చట్టప్రకారం తీసింది 1996లో. ఇలాంటి మౌనం ఏళ్ల తరబడి సాగితే కాపురంలో అనుమానాలు రాకుండా ఎలా ఉంటాయి? కాకపోతే ఒక సంగతి గుర్తు పెట్టుకోండి, ఎంత రహస్యమైన డ్యూటీలో ఉన్నవాడికైనా జీతం అకౌంట్‌లో పడుతూనే ఉంటుంది. ఆ డబ్బు ఇంటికి పంపొద్దని ఏ అఫీషియల్ సీక్రెట్స్ చట్టమూ చెప్పలేదు.

ఇక చట్టం సంగతి. ఆర్మీ చట్టం 1950లో ఆఫీసర్లకి సెక్షన్ 90, జవాన్లకీ జేసీఓలకీ (సుబేదార్ లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకి) సెక్షన్ 91 ఉన్నాయి. రెండిట్లోనూ (ఐ) క్లాజు కింద, భార్యాపిల్లల పోషణ కోసం సైనికుడి జీతంలోంచి నేరుగా కోత పెట్టి పంపమని ఆర్డర్ ఇవ్వొచ్చు. ఆ ఆర్డర్ ఇచ్చే అధికారం మామూలు యూనిట్ ఆఫీసర్‌కి లేదు, ఆర్మీ కమాండర్ స్థాయిలో ఉంటుంది. ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అనేది 2001లో వచ్చిన ఆర్మీ ఆర్డర్ 2 లో ఉంది: భార్యకి జీతభత్యాల్లో 22 శాతం దాకా, ఒక్కో బిడ్డకి 5.5 శాతం దాకా, అన్నీ కలిపి 33 శాతం దాటకూడదు. అంటే నెలకి 50,000 వచ్చే జవాను అయితే భార్యకి 11,000 దాకా, ఇద్దరు పిల్లలుంటే ఒక్కొక్కరికి 2,750 దాకా, మొత్తం 16,500. ఇది గరిష్ఠం మాత్రమే, అడిగిన వాళ్లందరికీ ఇంతే ఇస్తారని కాదు. నేవీ, ఎయిర్ ఫోర్స్ వాళ్లకి వాళ్ల వాళ్ల చట్టాల్లో ఇలాంటి ఏర్పాట్లే ఉన్నాయి, కింద రాసింది మాత్రం ఆర్మీ గురించి.

కోర్టుకే పోవచ్చు కదా అంటారు. పోవచ్చు, పోవాలి కూడా, దాని గురించి కింద చెప్తాను. కానీ ఆర్మీ చట్టం సెక్షన్ 28 ప్రకారం సైనికుడి జీతాన్ని సివిల్ కోర్టు జప్తు చేయించడానికి వీల్లేదు. కోర్టు ఆర్డర్ చేతిలో పట్టుకుని డబ్బు రాక తిరిగే వాళ్లు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటారు. జీతంలోంచి డబ్బు కోసి ఇచ్చే తాళంచెవి ఆర్మీ చేతిలోనే ఉంది.

దరఖాస్తులో ఏం రాయాలి

మొదట ఆర్మీ నంబర్ వెతకండి. క్యాంటీన్ కార్డు, డిపెండెంట్ కార్డు, పాత లీవ్ సర్టిఫికెట్, పిల్లల స్కూల్ కోసం యూనిట్ ఇచ్చిన కాగితం, ఏదో ఒకదాని మీద ఉంటుంది. నంబర్ చివర ఒక ఇంగ్లీష్ అక్షరం ఉంటుంది, అది వదిలేయొద్దు. జేసీఓ అయితే జేసీ అని, పర్మనెంట్ కమిషన్ ఆఫీసర్ అయితే ఎక్కువగా ఐసీ అని ముందు వస్తుంది. తర్వాత ర్యాంకు, పూర్తి పేరు, యూనిట్.

యూనిట్ తెలిస్తే కమాండింగ్ ఆఫీసర్ పేరిట, యూనిట్ పేరు, కేరాఫ్ 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు) రాసి పంపండి. 9తో మొదలయ్యే ఆరంకెల పిన్ కోడ్ ఉంటుంది, అది తప్పనిసరిగా రాయండి. ఉత్తరం వెళ్లేది ఢిల్లీ మీదుగానో కోల్‌కతా మీదుగానో ఆర్మీ పోస్టల్ వాళ్ల చేతికి, అక్కడినుంచి యూనిట్ ఎక్కడుంటే అక్కడికి వాళ్లే చేరుస్తారు. రహస్య ప్రదేశంలో ఉన్నా భార్య ఉత్తరం చేరడానికి పెట్టిన ఏర్పాటే అది, అందుకే లొకేషన్ తెలీదని ఆగిపోవద్దు. ప్రైవేటు కొరియర్ పనికిరాదు, పోస్టాఫీసు స్పీడ్ పోస్ట్‌లోనే పంపి రసీదు దాచుకోండి.

యూనిట్ కూడా తెలీదా? అప్పుడు సైనికుల సర్వీసు వివరాలు ఉంచే రికార్డ్స్ ఆఫీసుకి రాయండి. మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ వాళ్లది బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్‌ది వెల్లింగ్టన్, ఆర్టిలరీది నాసిక్ రోడ్, సిగ్నల్స్‌ది జబల్‌పూర్, ఈఎంఈది (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల విభాగం) సికింద్రాబాద్. నంబర్ చూసి వాళ్లు యూనిట్‌కి పంపుతారు. ఆ రెజిమెంట్ పేరు కూడా గుర్తు లేకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, నెల్లూరు వాళ్లు నెల్లూరులో, ప్రకాశం వాళ్లు ఒంగోలులో. అక్కడుండేది ఎక్కువగా మాజీ సైనికులే, కార్డు మీద నంబర్ చూపిస్తే ఏ రికార్డ్స్ కిందకి వస్తుందో చెప్పగలరు. దరఖాస్తు ఇంగ్లీష్‌లోనో హిందీలోనో ఉంటే మంచిది, తెలుగులో పంపితే అనువాదం చేయించుకునేసరికే ఆలస్యం అవుతుంది.

పెళ్లి తేదీ, పెళ్లి జరిగిన ఊరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు రాయండి. ఏ నెల నుంచి డబ్బు ఆగిందో రాయండి. మీకు సొంత సంపాదన ఉందా లేదా, ఉంటే ఎంతో దాచకుండా రాయండి. కోర్టులో కేసు నడుస్తుంటే నంబర్‌తో సహా చెప్పండి, ఎందుకంటే అది తర్వాత బయటపడితే మిగతావన్నీ కూడా అబద్ధాలే అనుకుంటారు. మ్యారేజ్ సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, ఆధార్, మీ పేరు మీదే ఉన్న బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, డబ్బు పడటం ఆగినట్టు కనిపించే స్టేట్‌మెంట్, వీటన్నిటితో పాటు రాసిందంతా నిజమని నోటరీ అఫిడవిట్ జతచేయండి. అత్తగారి అకౌంట్‌లో వేస్తారులే అని ఊరుకునేవాళ్లున్నారు, దయచేసి అలా చేయొద్దు, మీ పేరున అకౌంట్ తెరవండి.

ఇంకో ముఖ్యమైన విషయం పార్ట్ టూ ఆర్డర్. పెళ్లయ్యాక సైనికుడు యూనిట్‌లో తెలియజేస్తే భార్య పేరు రికార్డుల్లోకి ఎక్కేది దీనిద్వారానే. కొందరు మగవాళ్లు ఏళ్లు గడిచినా ఇది చేయించరు. మీ పేరు ఎక్కలేదని తెలిస్తే కంగారు పడొద్దు, పెళ్లి రుజువులు గట్టిగా జతచేసి, అదే దరఖాస్తులో పేరు నమోదు చేయించమని కూడా అడగండి.

ఏం రాయకూడదో కూడా చెప్పాలి, చాలా దరఖాస్తులు ఇక్కడే దెబ్బతింటాయి. ఆయన ఎక్కడ ఉన్నాడని మీరు ఊహిస్తున్నారో రాయొద్దు. ఆయన ఎప్పుడో పంపిన క్యాంపు ఫోటోలు, లొకేషన్ కనబడే వాట్సాప్ స్క్రీన్‌షాట్లు జతచేయొద్దు, ఫేస్‌బుక్‌లో పెట్టి న్యాయం అడగడం అసలే వద్దు. అలా చేస్తే మెయింటెనెన్స్ గొడవ కాస్తా సెక్యూరిటీ గొడవ అయిపోతుంది, తప్పు చేసింది మీరన్నట్టు మాట్లాడతారు. వేరే ఆడమనిషితో సంబంధం ఉందని అనుమానం ఉంటే అది వేరే ఫిర్యాదు, దానికి వేరే విచారణ ఉంటుంది, ఈ కాగితంలో కలపొద్దు. "నా భర్త ఫలానా నెల నుంచి నాకూ నా ఇద్దరు పిల్లలకూ ఎలాంటి డబ్బూ పంపడం లేదు, నాకు వేరే ఆదాయం లేదు, ఆర్మీ చట్టం సెక్షన్ 91 (ఐ) కింద జీతంలోంచి మెయింటెనెన్స్ ఇప్పించండి" అని సూటిగా అడగండి. ఏడుపు ఎంత రాసినా చదివే అధికారికి కావాల్సింది ఈ ఒక్క వాక్యమే.

పంపాక జరిగేది

కమాండింగ్ ఆఫీసర్ ముందు మీ ఆయన్ని పిలిచి మాట్లాడతాడు. రాజీ పెట్టడానికి చూస్తారు, యూనిట్‌లో సైనికుల భార్యల సంక్షేమ సంఘం (ఏడబ్ల్యూడబ్ల్యూఏ) తరఫున ఆఫీసర్ల భార్యలు మీతో ఫోన్‌లో మాట్లాడొచ్చు. మాట్లాడండి, తప్పు లేదు, కానీ "సర్దుకుపోమ్మా, దరఖాస్తు వెనక్కి తీసుకో" అంటే డబ్బు పడటం మొదలయ్యేదాకా తీసుకోవద్దు. రాజీ కుదరకపోతే మీ ఆయనకి షోకాజ్ నోటీసు వెళ్తుంది, ఆయన జవాబు ఇస్తాడు, కాగితాలన్నీ సిఫార్సులతో మెట్టుమెట్టుగా కమాండ్ హెడ్‌క్వార్టర్స్‌కి చేరతాయి. ఇది వారాల్లో అయ్యే పని కాదు. ఆ నోటీసు దశ దాటేసి తొందరగా ఆర్డర్ రావాలని కూడా కోరుకోవద్దు, ఆయన మాట వినకుండా ఇచ్చిన ఆర్డర్ సైనికుల కేసులు వినే ట్రిబ్యునల్‌లో నిలబడదు. ఆర్డర్ వచ్చాక జవాన్ల జీతం చూసే పే అకౌంట్స్ ఆఫీసు కోత మొదలుపెడుతుంది. ఆఫీసర్ అయితే అది పుణె నుంచి జరుగుతుంది.

ఆయన జవాబులో తరచూ కనబడే మాట ఒకటుంది: "నా భార్యకి మతిస్థిమితం లేదు." గట్టిగా అడిగే ఆడదానికి ఈ ముద్ర వేయడం సులువు, మిలిటరీ క్వార్టర్స్‌లో నలుగురి మధ్య గొడవ జరిగి ఉంటే మరీ సులువు. భయపడొద్దు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మానసిక వైద్యం చేయించుకున్నంత మాత్రాన మతి లేనివాళ్లని తేల్చేయడానికి వీల్లేదు, అది కోర్టు చెప్పాలి. ఆ చట్టం కింద ఉచిత న్యాయసహాయం అడిగే హక్కు కూడా ఉంది. పైగా భార్యకి నిజంగానే జబ్బు ఉంటే ఆమెకి డబ్బు ఇంకా ఎక్కువ అవసరం కదా, అదెలా తప్పించుకునే కారణం అవుతుంది?

కోర్టు దారి

ఆర్మీ దరఖాస్తు పెట్టారు కాబట్టి కోర్టు ఆపాలని లేదు. భరణం ఇప్పించే పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 125 స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్ష సంహిత సెక్షన్ 144 వచ్చింది. మీరు ఇప్పుడు ఉంటున్న ఊరి పరిధిలోనే వేయొచ్చు, ఆయన పోస్టింగ్ లడఖ్ అయినా అస్సాం అయినా మీరు నెల్లూరులోనో ఒంగోలులోనో వేసుకోవచ్చు. మధ్యంతర భరణం (కేసు తేలేలోపు ఇచ్చేది) కూడా అడగండి, నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టంలోనే ఉంది. రజనీష్ వర్సెస్ నేహా కేసులో 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే ఇవ్వాలని చెప్పింది, అందుకని ఎంత ముందు వేస్తే అంత మంచిది. అదే తీర్పు ప్రకారం రెండువైపులా ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి, కాబట్టి ఆయన జీతం లెక్క కోర్టు ముందుకి వస్తుంది. ఆర్మీ నుంచి వచ్చేది, కోర్టు ఇచ్చేది రెండూ కలిపి రెండింతలు రావు, ఒకదాంట్లో ఇంకొకటి సర్దుతారు. కోర్టు ఆర్డర్ వస్తే దాని సర్టిఫైడ్ కాపీ యూనిట్‌కి పంపండి.

ఒక అడ్డంకి ఉంది. యుద్ధ పరిస్థితుల్లోనో ప్రత్యేక పరిస్థితుల్లోనో పనిచేస్తున్న సైనికుడి మీద కేసు ఉంటే, ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టం 1925 కింద యూనిట్ సర్టిఫికెట్ ఇచ్చి విచారణ వాయిదా వేయించొచ్చు. ఉద్దేశం మంచిదే, సరిహద్దులో ఉన్నవాడు కోర్టుకి ఎలా వస్తాడు? కానీ ఇక్కడ ఎదురుచూసే ఇంటికి ఆ వాయిదా భారమే. అందుకే రెండు దారులూ ఒకేసారి నడపమని చెప్పేది.

లాయర్ ఫీజు గురించి టెన్షన్ పడొద్దు. న్యాయసేవాధికార సంస్థల చట్టం 1987 సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయర్ ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చాలు. 2025 జులైలో సైనిక కుటుంబాల కోసమే వీర్ పరివార్ సహాయతా యోజన అని నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) మొదలుపెట్టింది, సైనిక సంక్షేమ ఆఫీసుకి వెళ్లినప్పుడు అక్కడ లీగల్ క్లినిక్ నడుస్తోందా అని అడగండి. ఆయన సెలవుకి వచ్చి చేయి చేసుకుంటుంటే మాత్రం ఈ కాగితాలన్నీ తర్వాత, ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఆర్డర్ వచ్చాక మర్చిపోయే సంగతులు రెండు. ఆయనకి యూనిట్ మారినప్పుడు ఒక్కోసారి కోత ఆగుతుంది, అప్పుడు కొత్త దరఖాస్తు అక్కర్లేదు, పాత ఆర్డర్ కాపీ, ఆర్మీ నంబర్ రాసి పే అకౌంట్స్ ఆఫీసుకీ రికార్డ్స్‌కీ ఉత్తరం పెట్టండి. రెండోది రిటైర్మెంట్. ఈ కోత జీతం మీదే కాబట్టి సర్వీసు అయిపోతే ఇదీ అయిపోతుంది. జవాన్లు చిన్న వయసులోనే రిటైర్ అవుతారు, ఆయనకి ఇంకా ఎన్నేళ్లు సర్వీసు ఉందో ఇప్పుడే లెక్క చూసుకుని, ఆ లోపల సెక్షన్ 144 కింద కోర్టు ఆర్డర్ తెచ్చి పెట్టుకోండి.