పోటీ ప్రోగ్రామింగ్ 4వ పాఠం: ఏ భాషలో రాయాలి?

పోయిన పాఠంలో ప్రశ్న చదవగానే ఇన్‌పుట్ హద్దులు (ఎన్ని సంఖ్యలు, ఎంత పెద్దవి రావచ్చో) ఎక్కడున్నాయో వెతకడం నేర్చుకున్నాం. ఇవాళ్టి పని ఆ హద్దులతోనే. "సీ ప్లస్ ప్లస్ నేర్చుకోవాలా, పైథాన్ సరిపోతుందా?" అని చాలామంది మొదటిరోజే అడుగుతారు. ముందు లెక్క వేయండి, భాష సంగతి తర్వాత.

ఒక ప్రశ్న తీసుకుందాం. కొన్ని సంఖ్యలు ఇచ్చారు, వాటిలో అతి తక్కువ తేడా ఉన్న జతను కనిపెట్టాలి. గడువు 1 సెకను. సంఖ్యలు 5,000 అయితే జతలు సుమారు 1.25 కోట్లు. అన్నిటినీ పోల్చినా సీ ప్లస్ ప్లస్‌కి చిటికెలో పని. మామూలు పైథాన్ మాత్రం గడువు అంచున వేలాడుతుంది. అదే కోడ్‌ని, పైథాన్‌ని వేగంగా నడిపే పైపైలో సబ్మిట్ చేస్తే తరచుగా గట్టెక్కుతుంది (పేరే పైపై, పని మాత్రం గట్టిదే).

ఇప్పుడు సంఖ్యలు 2,00,000 అనుకోండి. జతలు 2,000 కోట్లు! ఇక్కడ సీ ప్లస్ ప్లస్ కూడా చేతులెత్తేస్తుంది. మార్చాల్సింది పద్ధతి. సంఖ్యల్ని సార్ట్ చేసి (చిన్న నుంచి పెద్దకి పేర్చి) పక్కపక్కనున్నవాటినే చూస్తే చాలు. సార్టింగ్‌కి సుమారు 36 లక్షల పోలికలు, ఆ తర్వాత ఒక్క చుట్టు. రెండు భాషలూ హాయిగా దాటేస్తాయి.

సీ ప్లస్ ప్లస్ వాళ్లకీ ఒక గుంట ఉంది. లక్షని లక్షతో గుణిస్తే 1,000 కోట్లు. పూర్ణసంఖ్యలు దాచే మామూలు రకం 'ఇంట్'లో పట్టేది సుమారు 214 కోట్లే. ప్రోగ్రామ్ ఆగదు, ఎర్రర్ చూపదు, తప్పు జవాబు ఇచ్చి ఊరుకుంటుంది. ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే 'లాంగ్ లాంగ్' వాడండి. పైథాన్‌లో ఈ బెడద లేదు, కానీ రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) లోతు మామూలుగా 1,000 దగ్గర ఆగిపోతుంది.

టైపింగ్ కూడా లెక్కలోకి వస్తుంది. కాలేజీ జట్ల అంతర్జాతీయ ప్రోగ్రామింగ్ పోటీ ఐసీపీసీలో ముగ్గురి జట్టుకి ఒకే కంప్యూటర్, 5 గంటలు. కీబోర్డు చేతికి రావడమే గగనం, అందుకే చిన్న ప్రశ్నకి పొట్టి పైథాన్ కోడ్ మేలు. తొందరపడితే మాత్రం, చివరికి సాధించిన ప్రశ్నలో ముందు పంపిన ఒక్కో తప్పు కోడ్‌కీ 20 నిమిషాల పెనాల్టీ.

అభ్యాసం: పై ప్రశ్నని రెండు పద్ధతుల్లోనూ, మీకొచ్చిన భాషలో రాయండి. 5,000 సంఖ్యలకి ఒకసారి, 2,00,000కి ఒకసారి నడిపి సమయాలు రాసుకోండి. జతల పద్ధతి 2,00,000 దగ్గర ఎంతకీ తెమలకపోతే ఆపేయండి, ఆపేశానని రాసుకుంటే చాలు. 5వ పాఠంలో ఆ కాగితంతోనే పని.