లీగ్‌కి బంతి కొనే ముందు నూనె సంగతి కనుక్కోండి

తిరుపతి, చిత్తూరు నుంచి బెంగళూరో చెన్నైయో వెళ్లి టెన్‌పిన్ బౌలింగ్ (బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే ఆట) లీగ్ ఆడేవాళ్లూ, రంగు చూసి బంతి కొనకండి. బంతి దొర్లే 60 అడుగుల లేన్‌లో సుమారు 40 అడుగుల దాకా నూనె పూస్తారు. ఎంత మందాన పూశారో ముందే అడగండి. నూనె దండిగా ఉంటే గరుకు పైభాగమున్న రియాక్టివ్ రెజిన్ (లేన్‌ని బాగా పట్టుకునే పదార్థం) బంతి పట్టు దొరికించుకుని పక్కకి వంపు తిరుగుతుంది. పలచగా ఉంటే అదే బంతి తొందరపడి తిరిగి, పిన్నుల దగ్గరికొచ్చేసరికి నీరసపడిపోతుంది. అక్కడ పాలిష్ చేసిందే నయం. ఆట సాగేకొద్దీ నూనె చెదిరిపోతుంది, కాబట్టి రెండూ ఉంటే టెన్షన్ ఉండదు. మూల మిగిలిన ఒంటి పిన్నుకి మామూలు ప్లాస్టిక్ బంతి చాలు, తిన్నగా పోతుంది. తిరిగొచ్చిన బంతి మీద నూనె చార కనిపిస్తుంది, వేసే ముందు ప్రతిసారీ తువ్వాలుతో తుడవండి.