అండాలు, పిండాలు ఫ్రీజ్ చేయించుకుంటున్నారా? తారుమారు కాకుండా ముందే చూసుకోవాల్సినవి

మైక్రోస్కోపు కింద అందరి అండాలూ ఒకేలా ఉంటాయి. మిల్లీమీటరులో పదో వంతు ఉండే గుండ్రటి గాజుపూస, అంతే. ఐదో రోజు పిండమైనా ఇంతే. బాగా ఎదిగిందా లేదా అన్నది చూసి చెప్పగలం గానీ ఎవరిదో చెప్పలేం. ఎంబ్రియాలజీ ల్యాబ్‌లో, అంటే అండాలు, పిండాలు చూసుకునే చోట, ఇన్నేళ్లుగా పనిచేస్తున్నా నాకు ఆ విద్య అబ్బలేదు. ఎవరికీ అబ్బదు. ఫలానా వాళ్లదని చెప్పేది డిష్ మీద, ఫ్రీజ్ చేయడానికి పిండాన్ని ఎక్కించే సన్నటి స్ట్రా మీద ఉన్న రాత ఒక్కటే. తలరాత సంగతి మన చేతిలో లేకపోయినా ఈ రాత సంగతి మాత్రం చూసుకోవచ్చు.

ఎగ్ పికప్, అంటే అండాలు బయటికి తీసే తేదీ ఖాయమయ్యాక వచ్చేవాళ్లు సక్సెస్ రేటు గురించి, ఇంజెక్షన్ల గురించి, నొప్పి గురించి అడుగుతారు. "మా పేరు ఎవరు రాస్తారు, ఎవరు సరిచూస్తారు?" అని అడిగేవాళ్లు బహు తక్కువ. అడిగితే మమ్మల్ని అనుమానించినట్టు ఉంటుందని మొహమాటం. నిజానికి ఈ ప్రశ్నకు నొచ్చుకునే ల్యాబ్ అయితే నేను మరో రెండు ప్రశ్నలు ఎక్కువే అడుగుతాను.

తారుమారు కావడం చాలా అరుదు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే ఇది చదివి ఉన్న టెన్షన్‌కి ఇంకొంత కలుపుకుంటారు. అయితే ఫ్రీజింగ్‌లో ఒక చిక్కుంది. లిక్విడ్ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర పిండం ఎలా పెట్టింది అలా ఉండిపోతుంది, దాంతోపాటు లేబుల్ మీది తప్పు కూడా. ఆ తప్పు ఏళ్ల తర్వాత ఎప్పుడో బయటపడుతుంది. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఒకామెకు వేరేవాళ్ల పిండం పెట్టారు, ప్రసవమూ అయింది. మిగిలిన పిండాలను వేరే సెంటర్‌కి మార్చమని ఆ తల్లిదండ్రులు అడిగినప్పుడు లెక్కలో ఒకటి ఎక్కువ తేలింది. అలా 2025లో సంగతి బయటికొచ్చింది. ఎవరో లెక్కపెట్టారు కాబట్టి తెలిసింది. ఈ "లెక్క" అన్న మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

పికప్‌కి వారం ముందు: మీ పేరు సరిచూసుకోండి

వినడానికి చిన్న విషయం. మాకు తలనొప్పి తెచ్చేది మాత్రం ఎక్కువగా ఇదే. గుర్తింపు కార్డులో ఒక స్పెల్లింగ్, ఫైల్లో ఇంకో స్పెల్లింగ్. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. పెళ్లికి ముందు పేరుతో రక్తపరీక్షలు, తర్వాతి పేరుతో కన్సెంట్ ఫారం. భర్త పేరు ఒక కాగితంలో పూర్తిగా, మరో కాగితంలో పొడి అక్షరాల్లో. ఇలా ఉంటే చూసేవాళ్లు "ఆ, ఈమేలే" అని సర్దుకోవడం అలవాటవుతుంది. తప్పుకి దారి తెరిచేది ఆ "లే" అన్నదే.

ఒకే పేరుండి, ఒకే వారంలో ట్రీట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు ఇద్దరు తగలడం అసాధారణం ఏమీ కాదు. కాబట్టి గుర్తింపుకి పేరొక్కటే సరిపోదు. పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఆ సెంటర్ ఇచ్చిన నంబరు, ఈ మూడూ అన్ని కాగితాల్లోనూ ఒకేలా ఉండాలి. ఆ నంబరు మీ ఫోన్‌లో రాసిపెట్టుకోండి. వేరే ఏదైనా కాగితంలో ఒక్క అక్షరం తేడా కనిపించినా పికప్ రోజు పొద్దున కాదు, ఇప్పుడే దిద్దించండి. మత్తు ఇవ్వబోయే ముందు దిద్దుబాట్లు పెట్టుకుంటే ఆ హడావిడి ఇంకో తప్పుకి తావిస్తుంది.

కన్సెంట్ ఫారం కూడా అప్పుడే నిదానంగా చదవండి. ఎన్నేళ్లు దాచమంటున్నారు, విడిపోతే లేదా ఇద్దరిలో ఒకరు లేకపోతే ఏం చేయాలి, ఎవరి అండం ఎవరి శుక్రకణాలతో కలపాలి, దాత ఉంటే ఎవరు. తారుమారంటే పరాయివాళ్లతో కలిసిపోవడం ఒక్కటే కాదు. 2025లోనే ఆస్ట్రేలియాలో మరోచోట ఒకామెకు భాగస్వామి పిండం పెట్టాల్సి ఉండగా ఆమె సొంత పిండమే పెట్టారు. పరాయివాళ్లది కాదు, అయినా వాళ్లు కోరుకున్నది అది కాదు. అండాలు ఇచ్చేది ఒకరు, మోసేది ఇంకొకరు అయినప్పుడు, దాతలు ఉన్నప్పుడు, ఏది ఎవరికన్నది ఫారంలో ఒక్క వాక్యంలో తేటగా రాయించుకోండి. డాక్టర్‌కి తెలుసులే అనుకోవద్దు. స్ట్రా బయటికి తీసే మనిషి డాక్టర్ కాదు.

పికప్ రోజు

"మీరు ఫలానా కదా?" అని అడిగితే మత్తులో ఉన్న మనిషి దేనికైనా ఊ అంటుంది. మత్తు లేకపోయినా, కంగారులో ఉన్నవాళ్లు కూడా అంటారు. అందుకే మంచి సెంటర్లలో "మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్పండి" అని అడుగుతారు, మీరు చెప్పింది కాగితంతో పోల్చుకుంటారు. అలా అడగకపోతే మీరే అడగకుండానే చెప్పేయండి. చేతి పట్టీ మీద ఉన్నది పైకి చదవండి. ఒకే పనికి నాలుగుసార్లు పేరు అడుగుతున్నారని విసుక్కోవద్దు. వాళ్లు మరిచిపోయి అడగడం లేదు.

శుక్రకణాల శాంపిల్ ఇచ్చే ఆయనకు ప్రత్యేకంగా చెప్పాలి. డబ్బా మీద పేరు మీరు లోపలికి వెళ్లే ముందే ఉండాలి, మూత మీద కాదు, డబ్బా ఒంటి మీద. తిరిగి ఇచ్చేటప్పుడు ఎక్కడో బల్ల మీద పెట్టేసి రావద్దు. మనిషి చేతికి ఇచ్చి, ఆ పేరు ఇద్దరూ చూశాక, టైము రాయించి రండి. సిగ్గుతో తల దించుకుని గబగబా వచ్చేసే పని ఇది. ఆ రెండు నిమిషాలు సిగ్గు పక్కన పెట్టాలి.

ల్యాబ్ తలుపు అవతల

ఇక్కడికి మీరు రాలేరు. కాబట్టి లోపల ఏం జరుగుతుందో తెలిసి ఉంటే ఏం అడగాలో తెలుస్తుంది.

నేను చేరిన కొత్తలో ఒక డిష్ మూత మీద పేరు రాసి, చక్కగా పని చేశానని మురిసిపోతున్నాను. మా సీనియర్ మేడమ్ వచ్చి మూత తీసి పక్కన పెట్టి, "ఇప్పుడిది ఎవరిది చెప్పమ్మా?" అన్నారు. పక్కనే ఇంకో డిష్ ఉంటే రెండు మూతలు అటూ ఇటూ అవడానికి ఎంతసేపు? ఆ రోజు నుంచి పేరు డిష్ అడుగు భాగానికే. అది కూడా డిష్‌లో ఏమీ వేయకముందే. శాంపిల్ వేశాక లేబుల్ అంటించడమన్నది మా దగ్గర పెద్ద తప్పు.

రెండో నియమం, ఒక బల్ల మీద ఒకసారి ఒక్కరి శాంపిలే. ఒకరిది పూర్తిగా లోపల పెట్టి, బల్ల తుడిచి, ఆ తర్వాతే రెండో వాళ్లది బయటికి. వరసగా ఐదారు కేసులున్న రోజున ఈ నియమం గాలికి వదిలేయాలనిపిస్తుంది. సరిగ్గా అలాంటి రోజునే అది కావాలి.

మూడోది సాక్షి. శాంపిల్ ఒక పాత్ర నుంచి ఇంకో పాత్రకి మారిన ప్రతిసారీ, అంటే శుక్రకణాలు కడిగేటప్పుడు, అండంతో కలిపేటప్పుడు, డిష్ మార్చేటప్పుడు, స్ట్రాకి ఎక్కించేటప్పుడు, కరిగించేటప్పుడు, గర్భంలో పెట్టేటప్పుడు, రెండో మనిషి రెండు లేబుళ్లూ చదివి సంతకం పెట్టాలి. అప్పుడే పెట్టాలి. సాయంత్రం అన్నీ ఒకేసారి సంతకం చేస్తే ఆ మనిషి సాక్షి కాదు, గుమాస్తా. కొన్ని ల్యాబుల్లో బార్‌కోడ్, ఇంకొన్నిట్లో రేడియో చిప్ ఉన్న లేబుళ్లు వాడతారు. రెండు వేర్వేరు పేషెంట్ల డిష్‌లు ఒకే బల్ల మీదికి వస్తే మెషీన్ అరుస్తుంది. మంచి ఏర్పాటే. కాకపోతే మొదట చిప్‌లోకి పేరు ఎక్కించింది మనిషే కదా. అది తప్పయితే మెషీన్ ఆ తప్పునే నమ్మకంగా కాపాడుతుంది. మెషీన్ ఉన్నా మొదటి లేబుల్ ఇద్దరు మనుషులు చూడాల్సిందే.

ఫ్రీజింగ్ దగ్గర ఒక ఇరకాటం ఉంది. ఇప్పుడు అంతటా వాడే విట్రిఫికేషన్ (అతి వేగంగా ఫ్రీజ్ చేసే) పద్ధతిలో పిండాన్ని చిక్కటి చివరి ద్రావణంలో వేశాక సుమారు ఒక్క నిమిషంలో సన్నటి స్ట్రా కొసకు ఎక్కించి నైట్రోజన్‌లో ముంచేయాలి. ఆలస్యమైతే ఆ ద్రావణమే పిండానికి విషం. ఆ నిమిషంలో ఆగి "ఈ స్ట్రా ఎవరిది?" అని చూసుకునే తీరిక ఉండదు. అందుకే స్ట్రాలన్నీ ముందే లేబుల్ వేసి, వరుసలో పేర్చి, సాక్షి చదివాకే గడియారం మొదలుపెట్టాలి. చేత్తో పెన్నుతో రాసిన అక్షరాలు నైట్రోజన్‌లో కాలక్రమేణా చెరిగిపోవచ్చు, మామూలు స్టిక్కర్ జిగురు ఊడిపోవచ్చు. ఆ చలికి తట్టుకునే లేబుల్ మీద ప్రింట్ చేసిందే మేలు. 1992లో ఫ్రీజ్ చేసిన పిండాలతో అమెరికాలో 2022లో కవలలు పుట్టారు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ స్ట్రా తీసేవాళ్లు మీ మొహం చూసి ఉండరు, ఆ లేబుల్ రాసిన మనిషీ అక్కడ ఉండకపోవచ్చు.

పిండానికి జన్యు పరీక్ష చేయించుకుంటుంటే అదనంగా ఒక జాగ్రత్త. పిండం నుంచి తీసిన నాలుగైదు కణాలు చిన్న ట్యూబులో వేరే ల్యాబ్‌కి వెళ్తాయి, పిండం ఇక్కడ ట్యాంకులో ఉంటుంది. మీ పేరు సరిగ్గానే ఉన్నా రెండో నంబరు పిండం ఫలితం మూడో నంబరుకి అంటుకుంటే మంచి పిండాన్ని వద్దని, వద్దన్నదాన్ని పెట్టే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ రిపోర్టులో నంబర్లు, ఫ్రీజింగ్ రికార్డులో నంబర్లు మీరే పక్కపక్కన పెట్టి పోల్చుకోండి. ఐదు నిమిషాల పని.

ఇంటికి తెచ్చుకోవాల్సిన కాగితం

లెక్క అన్నాను కదా. ఎన్ని అండాలు తీశారు, అందులో పక్వమైనవి ఎన్ని, ఎన్ని ఫలదీకరణ చెందాయి, ఎన్ని ఫ్రీజ్ చేశారు, ఏ తేదీన, ఎన్ని స్ట్రాలు, ఒక్కో స్ట్రాలో ఎన్ని, ఏ ట్యాంకులో ఏ స్థానంలో. ఇవన్నీ రాసి ఉన్న కాగితం అడిగి తీసుకోండి. "పది దాకా వచ్చాయండీ" అని ఫోన్‌లో చెప్పింది చాలదు. పన్నెండు తీసి తొమ్మిది ఫ్రీజ్ చేస్తే మిగతా మూడు ఏమయ్యాయో కూడా ఆ కాగితంలో ఉండాలి. సాధారణంగా అవి పక్వం కానివో, ఎదగడం ఆగిపోయినవో అయి ఉంటాయి. అడిగితే చెప్పడానికి ఎవరికీ కష్టం లేదు.

ఒక స్ట్రాలో ఒకటి లేదా రెండు పిండాలకు మించి పెట్టకపోవడం మంచిది. ఒకటి కావాల్సి వచ్చినప్పుడు మూడు కరిగించాల్సిన పని ఉండదు, లెక్కా తేటగా ఉంటుంది.

ఆ తర్వాత ఏటా స్టోరేజ్ రెన్యువల్ వస్తుంది. డబ్బు కట్టి వదిలేయకుండా, మీ పేరు మీద ఎన్ని ఉన్నాయో రాసి పంపమనండి, పాత కాగితంతో పోల్చండి. ఇల్లు మారినా, ఫోన్ నంబరు మారినా వెంటనే చెప్పండి. ఇంతకుముందు చెప్పిన బ్రిస్బేన్ మిగులు పిండం కథలో లెక్క ఏటా ఎవరైనా చూసి ఉంటే ఎప్పుడు తెలిసేదో ఊహించుకోండి. ట్యాంకులో నైట్రోజన్ తగ్గిపోవడం అనేది ఇంకో ప్రమాదం. 2018 మార్చిలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఒక ట్యాంకు చెడి నాలుగు వేలకు పైగా అండాలు, పిండాలు పోయాయి. అది తారుమారు కాదు కాబట్టి ఇక్కడ సాగదీయను. అలారం రాత్రిపూట ఎవరి ఫోన్‌కి వెళ్తుందో మాత్రం ఒకసారి అడిగి తెలుసుకోండి.

సెంటర్ మారుతుంటే

పిండాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లేటప్పుడు చేతులు మారతాయి, కాబట్టి ఇది మళ్లీ పికప్ రోజు లాంటిదే. పంపే ముందు అక్కడ లెక్క, చేరాక ఇక్కడ లెక్క, రెండూ సంతకాలతో. ఒక పెట్టెలో ఎన్ని కుటుంబాల స్ట్రాలు వెళ్తున్నాయో అడగండి. కొత్త సెంటర్ పాత నంబరు తీసేసి తన నంబరు మాత్రమే వాడితే, పాత కాగితంతో పోల్చే వీలే పోతుంది. రెండు నంబర్లూ రికార్డులో ఉండాలి.

కరిగించే రోజు

స్ట్రాని బయటికి తీసి తీరిగ్గా చదవడానికి కుదరదు. దాని కొసన ఉన్న చుక్క ఎంత చిన్నదంటే, నైట్రోజన్ బయట కొన్ని సెకన్లకే వేడెక్కి పిండం పాడవుతుంది. పైగా లేబుల్ మీద మంచు పేరుకుంటుంది, అక్షరాలు మసకబారతాయి. అందుకే పిండం ఉన్న కొస నైట్రోజన్‌లోనే ఉండగా పేరున్న కొసను మాత్రం పైకెత్తి ఇద్దరు చదవాలి. మసకగా కనిపిస్తే ఊహించకూడదు. మళ్లీ ముంచి, మంచు తుడిచి మళ్లీ చదవాలి.

ఆ రోజు మీరు చేయగలిగింది ఒకటుంది. బల్ల మీద పడుకోగానే ఎంబ్రియాలజిస్ట్ వచ్చి మీ పేరు, పుట్టిన తేదీ, పెట్టబోయే పిండం నంబరు పైకి చదవాలి. చాలాచోట్ల స్క్రీన్ మీద పిండాన్ని, డిష్ మీది పేరుని చూపిస్తారు. చూపించకపోతే అడగండి. పేరు మీద ఏ కాస్త సందేహం వచ్చినా "ఒక్క నిమిషం ఆగండి, మళ్లీ చదవండి" అనండి. కరిగించిన పిండం ఇంక్యుబేటర్‌లో మరికాసేపు హాయిగా ఉంటుంది. డాక్టర్ చేతిలో సన్నటి గొట్టం సిద్ధంగా ఉందనీ, అందరూ మీకోసమే నిలబడి ఉన్నారనీ ఇబ్బందిపడొద్దు. మళ్లీ చదవమంటే మళ్లీ చదవడం మా పనిలో భాగమే.