గోడలోని ఫిట్టింగును కాపాడుకుంటూ విరిగిన ప్లాస్టిక్ పైపు ముక్కను తీయడం

స్నానాలగది టైల్స్ వెనుక, లైను మలుపు తిరిగే ఎల్బోలోనో మూడు పైపులు కలిసే టీలోనో పైపు విరిగి, దాని చివరి ముక్క ఫిట్టింగులోనే ఉండిపోయినప్పుడు మరమ్మతు చేసేవారికి రెండు దారులుంటాయి. ఫిట్టింగుతో సహా కోసివేసి కొత్తది వేయడం ఒకటి. ఫిట్టింగును గోడలో కదిలించకుండా, లోపల అతుక్కుపోయిన ముక్కను మాత్రమే తీసి అదే సాకెట్‌లో, అంటే ఫిట్టింగులో పైపు దూరే గుంటలో, కొత్త పైపు అతికించడం రెండోది. మొదటిదానికి వీలున్న ప్రతిచోటా మొదటిదే చేయాలి. సాదా ఎల్బో, రెండు పైపులను కలిపే కప్లర్ వంటివి చౌకగా దొరుకుతాయి. వాటికోసం ఉలి పట్టుకుని కూర్చోవడం అనవసరం. అయితే ఫిట్టింగుకు రెండు వైపులా కోయడానికి చోటు లేనప్పుడు, ఇత్తడి మరలున్న ఎల్బో లేదా ఖరీదైన మిక్సర్ బాడీ గోడలో పాతుకుని ఉన్నప్పుడు, ఒక్క ఫిట్టింగు మార్చడానికి అరగోడ టైల్స్ పగలగొట్టాల్సి వచ్చినప్పుడు రెండో దారి పట్టక తప్పదు. ఈ పని సాగినంతసేపూ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. పైపు ముక్క ఎలాగూ పారేసేదే కాబట్టి దాన్ని కోసినా, వేడిచేసినా, చీల్చినా నష్టం లేదు. సాకెట్ లోపలి గోడపై మాత్రం లోతైన గీత పడకూడదు.

ముక్కను తీయడం మొదలుపెట్టే ముందు ఒకసారి కొలవడం మంచిది. ఇళ్లలో చల్లని, వేడి నీళ్లకు వాడే లేత పసుపు రంగు సీపీవీసీ పైపుల సాకెట్ లోతు అరంగుళం సైజుకు సుమారు 13 మి.మీ., ముప్పావు అంగుళానికి 18 మి.మీ., అంగుళానికి 23 మి.మీ. ఉంటుంది. విరిగిన ముక్క ఫిట్టింగు అంచునుంచి ఆ కొలతకంటే ఏ కొంచెం ఎక్కువ బయటికి ఉన్నా, దాన్ని తీయాల్సిన పనే లేదు. చివరను నున్నగా సమానంగా కోసి, శుభ్రం చేసి, దానిమీదనే కప్లర్ అతికించవచ్చు. గోడను మరో అంగుళం లోతుకు చెక్కితే ఈ వీలు దొరికేటట్లుంటే, ఆ చెక్కడమే సులువైన మార్గం. చాలామంది ఈ కొలత చూడకుండానే ముక్కను తవ్వడం మొదలుపెట్టి, మంచి ఫిట్టింగును పాడుచేసుకుంటారు.

అతుకు ఎలా ఏర్పడిందో తెలిస్తే దాన్ని విడదీయడంలో ఏది పనిచేస్తుందో, ఏది పనిచేయదో తేలిగ్గా అర్థమవుతుంది. పైపులు అతికించడానికి ప్లంబర్లు వాడే సొల్యూషన్ రెండు ఉపరితలాల మధ్య పొరలా నిలిచి పట్టుకునేది కాదు. అందులోని ద్రావకాలు పైపు వెలుపలి పొరనూ సాకెట్ లోపలి పొరనూ మెత్తబరుస్తాయి. మెత్తబడిన ఆ రెండు పొరలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ద్రావకం ఆవిరైపోయాక ఒకే గోడగా గట్టిపడతాయి. అందువల్ల థిన్నరో సొల్యూషనో పోసి పాత అతుకును కరిగిద్దామనుకుంటే పైపుతో పాటు సాకెట్ కూడా మెత్తబడి పాడవుతుంది. పైప్ రెంచితో బలంగా తిప్పితే అతుకు ఊడదు, ఫిట్టింగు చీలుతుంది. కొన్నేళ్లుగా గట్టిపడిన ఆ అతుకు దగ్గర బలప్రయోగం ఏదైనా గోడలోని తర్వాతి అతుకుకు చేరుతుందని, అక్కడ లీకు మొదలైతే కనిపించదని మరచిపోకూడదు.

పని మొదలుపెట్టే ముందు ఓవర్‌హెడ్ ట్యాంకు వాల్వు కట్టి, ఇంట్లో అన్నిటికంటే కిందనున్న కుళాయి తిప్పి లైనులోని నీళ్లన్నీ పోనివ్వాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో పాత గేట్ వాల్వులకు ఉప్పు పట్టి పూర్తిగా మూసుకోవు. సన్నగా కారే ధార కూడా ఈ పనికి అడ్డమే. అలాంటప్పుడు ట్యాంకు లోపలినుంచి ఆ రంధ్రాన్ని గుడ్డ చుట్టిన కొయ్య బిరడాతో మూయడం మంచిది. గీజర్ లైనైతే దాని ఎం.సి.బి. ఆపేసి, నీళ్లు చల్లారాకే పైపు విప్పాలి. పైకప్పుమీద సోలార్ హీటర్ ఉన్న ఇంట్లో దాని వాల్వు కూడా విడిగా కట్టాలి, ఎందుకంటే మధ్యాహ్నం వేళ ఆ నీళ్లు ఒళ్లు కాల్చేంత వేడిగా ఉంటాయి. తర్వాత ఒక చిన్న గుడ్డముక్కకు గట్టి దారం కట్టి, దాన్ని పైపు ముక్కగుండా ఫిట్టింగుకు ఆవలివైపు దాకా తోసి, దారం చివర బయట వేలాడేలా ఉంచాలి. పనిలో రాలే ప్లాస్టిక్ పొట్టు లైనులోకి పోతే అది కుళాయి కార్ట్రిడ్జిలోనో షవర్ జల్లెడలోనో ఇరుక్కుంటుంది. ఈ గుడ్డకు పట్టే సమయం ఒక్క నిమిషమే. కళ్లద్దాలు తప్పక పెట్టుకోవాలి. పాత ప్లాస్టిక్ పెళుసుగా పగిలి, ముక్కలు నేరుగా ముఖంమీదికి ఎగురుతాయి.

కోసి తీయడం

నా అభిప్రాయంలో ఇంటివారు సొంతంగా చేసుకోగల పద్ధతుల్లో ఇదే అన్నిటికంటే నమ్మదగినది. కావలసింది ఒక హాక్సా బ్లేడు, ఒక సన్నని ఉలి లేదా చదును మొన ఉన్న పాత స్క్రూడ్రైవరు, నోస్ ప్లయరు. బ్లేడును ఫ్రేములో బిగించకుండా, ఒక చివర మందంగా టేపు చుట్టి చేత్తో పట్టుకోవాలి. పళ్లు మన వైపుకు తిరిగి ఉండేలా పట్టుకుంటే లాగేటప్పుడు కోత పడుతుంది, చెయ్యి అదుపులో ఉంటుంది. బ్లేడుమీద సాకెట్ లోతు దగ్గర మార్కరుతో గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తు దాటితే ఫిట్టింగు లోపలి గట్టును కోస్తున్నట్లే.

ముందుగా పైపు ముక్కను ఫిట్టింగు అంచునుంచి కొంచెం బయటికి ఉండేలా సమానంగా కోసుకోవాలి. తర్వాత పైపు లోపలినుంచి, దాని పొడవునా ఒక గాటు పెట్టాలి. ముప్పావు అంగుళం సీపీవీసీలో సాధారణంగా వాడే ఎస్.డి.ఆర్. 11 రకం (బయటి వ్యాసం గోడ మందానికి సుమారు 11 రెట్లు ఉండే రకం) పైపు గోడ మందం సుమారు 2 మి.మీ., అరంగుళంలో అంతకంటే తక్కువ. అంటే కోయాల్సిన లోతు చాలా స్వల్పం. రెండు మూడు లాగులకొకసారి ఆగి, టార్చి వేసి, గాటు అడుగు చూడాలి. పైపుకూ సాకెట్‌కూ మధ్య సొల్యూషన్ గీత సాకెట్ నోటి దగ్గర సన్నగా కనిపిస్తుంది. గాటు ఆ గీతను చేరబోతుండగానే ఆపాలి. మిగిలిన పల్చని పొర ఉలితో దానంతటదే తెగుతుంది. మొదటి గాటుకు చిటికెన వేలి వెడల్పు దూరంలో రెండో గాటు పెట్టాలి. రెండింటి మధ్య మిగిలిన సన్నని పట్టీని నోటి దగ్గర ఉలి మొనతో పైపు నడిమివైపుకు వంచితే అది ఒలిచినట్లు లేచి వస్తుంది. అది రాగానే మిగతా పైపు గుండ్రని ఆకారం కోల్పోతుంది కనుక, దాన్ని ప్లయరుతో పట్టి లోపలివైపుకు ముడుస్తూ లాగవచ్చు. రాకపోతే ఎదురువైపు మరో జత గాట్లు పెట్టాలి.

ఉలిని ఎప్పుడూ ఫిట్టింగు అంచుమీద ఆనించి మీటకూడదు. ఆ అంచు విరిగితే సాకెట్ పనికిరాదు. సుత్తి వాడవలసివస్తే చాలా తేలికదాన్ని, చిన్న దెబ్బలతో వాడాలి. గోడలో పాతిన ఫిట్టింగు చుట్టూ సిమెంటు పట్టి ఉంటుంది కనుక దెబ్బను తట్టుకుంటుందనుకోవడం పొరపాటు. పాత ఇళ్లలో ఆ సిమెంటు గుల్లబారి ఉంటుంది.

వేడితో మెత్తబరచడం

వేడి గాలి ఊదే హీట్ గన్ చేతిలో ఉంటే కోతకు పట్టే సమయం బాగా తగ్గుతుంది, కానీ ఫిట్టింగును పోగొట్టుకునే అవకాశం పెరుగుతుంది. తెల్లని యూపీవీసీ పైపు సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సీపీవీసీ సుమారు 110 డిగ్రీలు దాటాక మెత్తబడడం మొదలవుతుంది. పైపు గోడ పల్చన, ఫిట్టింగు గోడ మందం. కాబట్టి లోపలినుంచి వేడి పెడితే పైపు ముందు మెత్తబడుతుంది, ఫిట్టింగు కొంచెం ఆలస్యంగా మెత్తబడుతుంది. పని మొత్తం ఆ కొద్దిపాటి వ్యవధిలోనే జరగాలి. ఫిట్టింగు వెలుపల తడిగుడ్డ చుట్టి, గన్‌ను తక్కువ వేడిలో పెట్టి, గాలి పైపు లోపలి గోడకే తగిలేలా తిప్పుతూ ఉండాలి. ముక్క అంచు ప్లయరుతో నొక్కితే సొట్టపడేంత మెత్తబడగానే గన్ తీసేసి, అంచును పట్టి లోపలివైపుకు చుట్టచుడుతూ ఒలవాలి. గట్టిపడితే మళ్లీ కాసేపు వేడి చేయాలి. ముందుగా పైన చెప్పినట్లు ఒక గాటు పెట్టుకుని, తర్వాత వేడి చేస్తే ఇంకా తేలిక. చేయి తిరిగిన పనివారు ఈ రెండు పద్ధతులనూ కలిపే వాడతారు.

పైపు లోపల నీటి చుక్క ఉండకూడదు, ఆవిరి చేతిని కాలుస్తుంది. దారం కట్టిన గుడ్డను వేడి గాలి తగలనంత లోపలికి జరపాలి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగితే వెంటనే ఆపాలి. ఈ ప్లాస్టిక్కులు మాడినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది కళ్లను, ఊపిరితిత్తులను మండిస్తుంది, దుమ్ము మాస్కు దాన్ని ఆపలేదు. కిటికీ, తలుపు తెరిచే పని చేయాలి. సొల్యూషన్ డబ్బా మూత బిగించి గది బయట ఉంచాలి, ఎందుకంటే దాని ఆవిరి చాలా తేలిగ్గా అంటుకుంటుంది. పైపులో సొల్యూషన్ పూసి అగ్గిపుల్ల గీసే అలవాటు కొందరిలో ఉంది. కిటికీ సరిగా లేని చిన్న స్నానాలగదిలో అది ప్రాణంమీదికి తెచ్చే పని. ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు.

ముక్కను లోపలినుంచి తొలిచివేసే ప్రత్యేకమైన డ్రిల్ బిట్లు కూడా ఆన్‌లైన్లో దొరుకుతాయి. ముందున్న గుండ్రని మొన పైపు లోపల తిరుగుతూ దారి చూపుతుంది, వెనుకనున్న అంచు పైపు గోడను మాత్రమే చెక్కుతుంది. అయితే బిట్ కచ్చితంగా మన పైపు కొలతదే అయివుండాలి. సీపీవీసీ ముప్పావు అంగుళం పైపు బయటి వ్యాసం 22.2 మి.మీ., తెల్లని షెడ్యూల్ రకం యూపీవీసీ అరంగుళం పైపుది 21.3 మి.మీ. చూపుకు రెండూ ఒకే లావుగా ఉంటాయి, పేరులో అంగుళాలు మాత్రం వేరు. ఈ తేడా గమనించకుండా కొన్న బిట్ సాకెట్‌ను తినేస్తుంది, అలాగే కొన్న కొత్త పైపు సాకెట్‌కు సరిపోదు. ఒకటి రెండు అతుకుల కోసం ఇంత ఖర్చు అక్కర్లేదు.

మరలో విరిగిన ముక్క

ప్లాస్టిక్ కుళాయి లేదా నిప్పల్ (మరలున్న పొట్టి పైపు ముక్క) మర దగ్గర విరిగి గోడలోని ఇత్తడి ఎల్బోలో ఉండిపోవడం ఇళ్లలో తరచుగా జరుగుతుంది. ఇక్కడ సొల్యూషన్ లేదు, టెఫ్లాన్ టేపు మాత్రమే ఉంది కనుక పని సులువు. విరిగిన మర ముక్కను లోపలినుంచి పట్టి తిప్పే నిప్పల్ ఎక్స్‌ట్రాక్టర్ దొరికితే దాన్ని ముక్కలోకి తేలికగా తట్టి, గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిప్పితే వచ్చేస్తుంది. అది లేకపోతే వెడల్పాటి పాత స్క్రూడ్రైవరు మొనను వేడిచేసి, ముక్క అంచుకు అడ్డంగా గుచ్చి, ప్లాస్టిక్ చల్లారి బిగుసుకున్నాక నెమ్మదిగా తిప్పాలి. అప్పటికీ కదలకపోతే హాక్సా బ్లేడుతో ఒక గాటు పెట్టి, ముక్కను లోపలికి నొక్కి వదులు చేయాలి. బ్లేడు ఇత్తడి మరలను చేరకముందే ఆపాలి. ఎంత తిప్పినా రాకపోతే బలం పెంచవద్దు. ఆ ఇత్తడి ఎల్బో వెనుక సీపీవీసీ అతుకు ఉంటుంది, గట్టిగా తిప్పితే ముందు అదే విరుగుతుంది. ముక్క వచ్చాక పాత టేపు పోగులను బ్రష్షుతో శుభ్రం చేయడం మరవకూడదు.

ఆకుపచ్చని పీపీఆర్ పైపుల్లో అతుకు వేడితో కరిగించి కలిపినది కనుక ముక్కను విడదీసే ప్రయత్నమే వద్దు, కోసి కొత్త ఫిట్టింగు వేయాలి. మురుగునీటి పైపుల్లో రబ్బరు రింగు అతుకులైతే సబ్బునీళ్లు పోసి, అటూఇటూ తిప్పుతూ లాగితే వస్తాయి. తిరిగి బిగించేటప్పుడు కొత్త రింగు వేయాలి.

సాకెట్‌ను పరీక్షించడం, కొత్త పైపు అతికించడం

ముక్క మొత్తం వచ్చాక సాకెట్‌లో మిగిలిన పాత సొల్యూషన్ గుబ్బలను సన్నని గరుకు కాగితంతో తేలికగా తీసి, పొడిగుడ్డతో తుడిచి, వేలు పెట్టి చుట్టూ తడమాలి. గోరు తట్టుకునేంత గీత నోటినుంచి అడుగుదాకా పొడవునా ఉంటే నీళ్లు ఆ దారినే కారతాయి. సొల్యూషన్ ఎక్కువ పూసి ఆ గీతను నింపుదామనుకోవడం సరికాదు. మందంగా పూసిన సొల్యూషన్ ఆరేటప్పుడు కుంచించుకుపోయి లోపల ఖాళీలు మిగులుస్తుంది. సాకెట్ నోటి దగ్గర కొంచెం వెడల్పుగా ఉండి లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది. కాబట్టి సొల్యూషన్ లేకుండా కొత్త పైపును పెట్టి చూసినప్పుడు అది సాకెట్ లోతులో మూడోవంతునుంచి మూడింట రెండొంతుల మధ్య ఎక్కడో బిగుసుకోవాలి. ఏ ప్రతిఘటనా లేకుండా అడుగుదాకా జారిపోతే ఆ సాకెట్ అరిగిపోయినట్లే. అప్పుడు గోడ పగలగొట్టి ఫిట్టింగు మార్చడం మినహా దారి లేదు. అలాంటి సాకెట్‌లో అతికించి టైల్ మూసేస్తే, ఆ ఖర్చు మళ్లీ పెట్టాల్సివస్తుంది.

పరీక్షలో నిలిచిన సాకెట్‌కు లోపల పల్చగా, పైపుకు కొంచెం ఎక్కువగా, పైపు రకానికి సరిపోయే సొల్యూషన్ పూయాలి. సీపీవీసీకి సీపీవీసీ సొల్యూషనే వాడాలి. పైపును అడుగుదాకా తోస్తూ పావు వంతు తిప్పి, వెనక్కి తోసుకురాకుండా అర నిమిషం నొక్కి పట్టాలి. గుడ్డకు కట్టిన దారం కొత్త పైపుకు అడ్డం వస్తుంది కనుక, అతికించే ముందే గుడ్డను పొట్టుతో సహా బయటికి లాగేయాలి. పాత సాకెట్‌లో అతుకు కనుక తొందరపడకుండా ఒక పూర్తి రోజు ఆరనివ్వడం నయం.

ఆ తర్వాత నీళ్లు వదిలి, కుళాయిలన్నీ కట్టి, అతుకు చుట్టూ పొడి వార్తాపత్రిక ముక్క చుట్టి ఉంచాలి; కంటికి కనిపించని చెమ్మ కూడా కాగితంమీద మచ్చగా తెలుస్తుంది. ప్రతి 10 మీటర్ల ఎత్తుకు నీటి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో మాత్రమే కనుక, రెండంతస్తుల ఇంట్లో ట్యాంకు నీళ్లతో చేసే పరీక్ష తేలికపాటిదే. ప్రెషర్ పంపు ఉన్నవారు దాన్ని నడిపించి కూడా చూడాలి, వేడినీళ్ల లైనైతే గీజర్ నీళ్లు పలుమార్లు పోనిచ్చి చూడాలి. కాగితం ఒక రాత్రంతా పొడిగా ఉన్నాక, తెరిచిన చోటు నేలనుంచీ మూలనుంచీ ఎంత దూరంలో ఉందో కొలిచి, ఆ కొలతలతో ఒక ఫొటో తీసి దాచుకుని, గోడ మూయించవచ్చు.