కృత్రిమ డిస్క్ శస్త్రచికిత్సకు ఒప్పుకునే ముందు

నడుము పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ అరిగిందని ఎమ్మారైలో తేలగానే శస్త్రచికిత్సకు తొందరపడకూడదు. మందులు, ఫిజియోథెరపీ కనీసం 6 నెలలు వాడినా నొప్పి లొంగనప్పుడే దాని స్థానంలో అమర్చే కృత్రిమ డిస్క్ గురించి ఆలోచించాలి. విశాఖపట్నంలో కేజీహెచ్‌లో చూపించుకున్నా, హనుమంతవాక విమ్స్‌కు వెళ్లినా, ప్రైవేటు వైద్యుణ్ణి కలిసినా పాత ఫిల్ములన్నీ వెంట ఉంచుకోవాలి.

వెన్నుపూసల వెనుకనున్న ఫాసెట్ కీళ్లు బాగా అరిగినా, ఎముకలు గుల్లబారినా, పూస ముందుకు జారినా ఈ చికిత్స సాధారణంగా తగదు. అందువల్ల ఎముక సాంద్రతను కొలిచే డెక్సా పరీక్షను, ముందుకు వంగి, వెనక్కి వాలి తీయించుకునే ఎక్స్‌రేలను గురించి వైద్యుణ్ణి ముందే అడగాలి. పూసలను కలిపి బిగించే మరో ఆపరేషన్ అయిన ఫ్యూజన్‌లో ఆ చోట కదలిక పోతుంది. కృత్రిమ డిస్క్ ఆ కదలికను కాపాడటానికే ఉద్దేశించినది.

నడుము డిస్క్‌ను పొట్ట వైపు నుంచి, పెద్ద రక్తనాళాలను పక్కకు జరిపి అమరుస్తారు కనుక, రక్తనాళాల సర్జన్ అందుబాటులో ఉంటారా అని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. అమెరికాలో 2004లో అనుమతి పొందిన తొలి నడుము డిస్క్ ఇప్పుడు అమ్మకంలోనే లేదు. కాబట్టి అమర్చబోయే పరికరం పేరును, మోడల్‌ను కాగితంపై రాయించుకోవడం మంచిది.

ఆపరేషన్ తర్వాత త్వరగానే నడిపిస్తారు గానీ, బరువులెత్తడం, నడుము మెలితిప్పడం కొన్ని వారాలు మానాలి. 32 కిలోమీటర్ల సింహాచలం గిరిప్రదక్షిణ మొక్కు ఉంటే, వైద్యుడు సరేననేదాకా అప్పన్న స్వామి ఆగుతాడు.