చవక చాకుల సేకరణలో వచ్చే తిప్పలు, వాటికి మందు

చాకులు పోగేసే అలవాటున్న ఎవరికైనా ఈ మాట తగులుతూనే ఉంటుంది: "ఈ చవక సరుకు పది కొనే బదులు మంచిది ఒకటి కొనుక్కోవచ్చు గదప్పా!" నా లెక్కలో చవక అంటే సుమారు మూడు వేల లోపు. ఫ్రాన్స్ నుంచి వచ్చే చెక్కపిడి ఓపినెల్ 8వ నంబరు, స్వీడన్ మోరా, స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్, చైనా మడత చాకులు, మన ఊరి కమ్మరి కొట్టిచ్చిన కత్తి, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. వీటితో ఇబ్బందులు లేవని అనను. కానీ చవకదనం మీద మోపే నేరాల్లో చాలావాటికి అసలు కారణం నూరడంలోనో, నూనెలోనో, వానలోనో ఉంటుంది. నిజంగా చవకదనమే కారణమైన చోట ఆ మాటే చెప్తాను.

కొత్త చాకే, అయినా టమాటా తొక్క మీద జారిపోతోంది

ముందు అంచున బర్ ఉందేమో చూడండి. ఇనుము నూరినప్పుడు అంచు చివర సన్నటి పొర లేచి ఒక పక్కకు వాలుతుంది, దాన్నే బర్ అంటారు. చివర్లో తోలు మీద రుద్ది దాన్ని తీసేయాలి. చవక చాకుల దగ్గర చాలాసార్లు ఆ ఆఖరి పని అరకొరగా జరుగుతుంది. అందుకే పెట్టె విప్పిన రోజు కాగితం జివ్వున కోసిన చాకు, నాలుగు ఉల్లిపాయలు తరిగేసరికి మొరాయిస్తుంది. పొర మడతపడిపోయింది, అంతే. ఉందో లేదో తెలియాలంటే చిటికెడు దూది తీసుకుని, వెన్ను వైపు నుంచి అంచు వైపుకు, అంచు దాటేదాకా, రెండు పక్కలా మెల్లగా లాగండి. ఏ పక్క దూది పోగులు చిక్కుకుంటే బర్ ఆ పక్కన ఉన్నట్టు.

పాత తోలు బెల్టు లోపలి గరుకు వైపు మీద, వెన్ను ముందు, అంచు వెనక ఉండేలా తేలిగ్గా లాగుతూ పోతే చాలావరకు పోతుంది. బెల్టు లేకపోతే నూరే రాయికి దినపత్రిక చుట్టి దాని మీదైనా లాగొచ్చు. గట్టిగా నొక్కొద్దు.

బర్ లేకపోయినా జారుతోందంటే అంచు వెనక మందం ఎక్కువని అర్థం. క్యారెట్ కోసి చూస్తే తెలుస్తుంది. ముక్క తెగదు, టక్కుమని చీలుతుంది. ఈ మందం సంగతి నేను స్టీలు పేరు కన్నా ముందు చూస్తాను. మోరా కంపానియన్ స్టీలు గొప్పదేమీ కాదు. అయినా పుల్ల చెక్కడానికి దిగితే దానికి పదిరెట్లు పెట్టి కొన్న మందపాటి మడత చాకు కన్నా బాగా దిగుతుంది. ఆ అంచు ఆకారం అలాంటిది.

అంచు మొత్తం పర్మనెంట్ మార్కర్‌తో నల్లగా పూసి, వెయ్యి గ్రిట్ (రాయి గరుకుకు కొలత, అంకె పెరిగేకొద్దీ నునుపు) రాయి మీద రెండు సార్లు లాగి చూడండి. నలుపు అంచు చివర పోకుండా పైన మాత్రమే పోతే మీరు చాకును మరీ పడుకోబెట్టారు. చివర మాత్రమే పోతే మరీ నిలబెట్టారు. కోణం కొలవడానికి పరికరాలు అక్కర్లేదు. బ్లేడు వెడల్పు 2 సెంటీమీటర్లు ఉంటే, వెన్ను రాయికి సుమారు 5 మిల్లీమీటర్లు పైకి ఉన్నప్పుడు 15 డిగ్రీలు, 7 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు 20 డిగ్రీలు. వంటింటి చాకుకు 15, జేబు చాకుకు 20. ఒక పక్క నూరుతూ, రెండో పక్క పొడవునా బర్ వేలికి తగిలేదాకా ఆపొద్దు. చాలామంది ఇక్కడే తొందరపడి పక్క మారుస్తారు, ఆనక రాయి బాగాలేదంటారు.

సానబట్టించాక రెండ్రోజులకే మొద్దుబారుతోంది

చాకును తిప్పి అంచును వెలుతురులో చూడండి. ఎక్కడైనా నీలం, ఊదా రంగు చార కనిపిస్తే జవాబు దొరికినట్టే. సైకిల్ మీద సానచక్రం పెట్టుకుని వీధుల్లో తిరిగేవాళ్ళు నీళ్ళు లేకుండా పొడిగా సానపడతారు. నిప్పురవ్వలు చూడ్డానికి బాగుంటాయి. కానీ ఇంటి చాకుల స్టీలును గట్టిపరిచాక మామూలుగా 200 డిగ్రీల చుట్టుపక్కల వేడి చూపిస్తారు, ఆ గట్టిదనం అక్కడ కుదురుకుంటుంది. నీలం రంగు వచ్చిందంటే అంచు సుమారు 300 డిగ్రీలకు పోయినట్టు. ఆ భాగం మెత్తబడింది. ఇక ఎన్నిసార్లు నూరినా అక్కడ పదును నిలవదు.

రంగు పోయేదాకా పాలిష్ చేస్తే పోయేది రంగే, మెత్తదనం అలాగే ఉంటుంది. తడి రాయి మీద నూరుతూ ఆ కాలిన భాగాన్నే అరగదీయాలి. ఒక మిల్లీమీటరు లోపల మంచి స్టీలు తగులుతుంది. విక్టోరినాక్స్ కూరగాయల చాకైతే ఓ సాయంత్రం పని. వేల రూపాయలు పెట్టి కొన్న చాకుకి ఇదే జరిగితే చేతులు వణుకుతాయి.

సాన మనిషిని పూర్తిగా మానేయమని కాదు. కత్తిపీట, కొడవలి, మచ్చుకత్తి ఆయనకు ఇవ్వొచ్చు, అవి మందంగా ఉంటాయి కాబట్టి వేడి తట్టుకుంటాయి. "అన్నా, ఊరికే అదిమి పట్టొద్దు, మధ్య మధ్యలో నీళ్ళలో ముంచు" అని పక్కన నిలబడి చెప్పండి. అడిగితే చేస్తారు. పల్చటి చాకులు మాత్రం ఇంట్లోనే నూరుకోండి.

తోతాపురి కోశాక బ్లేడు నల్లబడింది

చిత్తూరు జిల్లాలో ఎండాకాలం ఇది తప్పదు. కార్బన్ స్టీల్ (తుప్పు పట్టే రకం) ఓపినెల్‌తో పచ్చి మామిడికాయ నాలుగు ముక్కలు కోస్తే చాలు, బ్లేడు మీద నీలం, బూడిద, నలుపు మచ్చలు లేస్తాయి. కాయలోని పులుపు ఇనుముతో కలిసి చేసే పని అది. కొత్తగా కొన్నవాళ్ళు టెన్షన్ పడి ఇసుక కాగితంతో గీకేస్తుంటారు. అక్కర్లేదు. వేలితో రుద్ది చూడండి. నల్లగా ఉండి వేలికి ఏమీ అంటకపోతే ఆ పొర మంచిదే, కింది ఇనుమును కొంత కాపాడుతుంది. ఎర్రగా, నారింజ రంగులో ఉండి వేలికి పొడి అంటితే తుప్పు. దాన్ని మాత్రం అప్పుడే తీయాలి.

కాయ తొడిమ దగ్గర కారే సొన వేరే తలనొప్పి. అది ఎండితే జిగురై పట్టుకుంటుంది, దాని కింద తేమ నిలిచి చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. ముందు నూనె గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బు నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. నేను కొత్త కార్బన్ చాకు రాగానే ఓ కిలో పచ్చి తోతాపురి తెచ్చి, ఊరగాయకు ముక్కలన్నీ దానితోనే కోస్తాను. వెనిగర్‌లో ముంచి తెచ్చుకునే నలుపు కన్నా ఇలా వచ్చినదే నాకు ముచ్చటగా ఉంటుంది. ఏ రెండు చాకుల మీదా ఒకలా రాదు.

వాడకుండా పెట్టెలో దాచినా తుప్పు పట్టింది

తిరుపతిలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. తుపాను పట్టిందంటే గోడలు కూడా చెమ్మగా ఉంటాయి. ఆ రోజుల్లో చాకు తోలు ఒరలో ఉంటే తుప్పు ఖాయం. తోలు తేమను పీల్చి బ్లేడుకు అతికించి ఉంచుతుంది. ఒర అందంగా ఉందని అందులోనే దాస్తాం, చెడగొట్టేదేమో అదే. ఒర ఒకచోట, చాకు ఒకచోట పెట్టండి. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి.

"డీ2 స్టీలండీ, తుప్పు పట్టదు" అని అమ్మేవాళ్ళ మాట నమ్మొద్దు. అందులో తుప్పును ఆపే క్రోమియం సుమారు 12 శాతం ఉన్నా, కార్బన్ 1.5 శాతం దాకా ఉండటంతో ఆ క్రోమియంలో కొంత కార్బైడ్లలో, అంటే కార్బన్‌తో కలిసి ఏర్పడే గట్టి రేణువుల్లో, చిక్కుకుపోతుంది. చెమట జేబులో పెట్టుకుని తిరిగితే డీ2కి కూడా మచ్చలు వస్తాయి.

నూనె విషయంలో వంటింటి సీసాకే చెయ్యి పోతుంది గానీ, నువ్వుల నూనె, వేరుశనగ నూనె గాలి తగిలి నెలల మీద బంకలా మారతాయి. మడత చాకు కీలులో పోస్తే కొన్నాళ్ళకు బ్లేడు కదలదు. కీలుకు కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క. తినే వస్తువులు కోసే బ్లేడుకైతే మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ పల్చగా రాయండి. కొబ్బరినూనె ఫర్వాలేదు, రోజూ వాడి తుడిచే చాకుకైతే.

వానాకాలం ఓపినెల్ తెరుచుకోవడం లేదు

పిడి చెక్క తేమకు ఉబ్బి బ్లేడును పట్టేసింది. గోరు విరిగేలా లాగొద్దు. లాక్ రింగు తెరిచి, పిడి వెనక అంచును బల్ల మీద టక్కున కొట్టండి, బ్లేడు కాస్త పైకి లేస్తుంది. అప్పుడు పట్టుకుని తీయొచ్చు. తీశాక గాలి తగిలే చోట రెండు రోజులు ఆరబెట్టి, బ్లేడు దూరే గాడి లోపల కొవ్వొత్తి మైనం రుద్దండి. ఎండలో పెట్టొద్దు, చెక్క పగులుతుంది. ఇంకా బిగుతుగా ఉంటే గాడిని ఇసుక కాగితంతో కొంచెమే అరగదీయండి. ఎక్కువ తీస్తే ఎండాకాలం బ్లేడు వదులై ఊగుతుంది.

మడత చాకు బ్లేడు అటూ ఇటూ ఊగుతోంది

చాలాసార్లు కీలు స్క్రూ వదులవుతుంది. నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్, ఎక్కువగా టీ8, చిన్నవాటికి టీ6. మొబైల్ రిపేరు షాపుల్లో వాడే బిట్ సెట్టులో సాధారణంగా ఈ సైజులు ఉంటాయి. బిగించి, మళ్ళీ వదులవుతుంటే నీలం రంగు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) ఒక చుక్క వేయండి. ఎర్రది వేశారంటే స్క్రూ వేడి చేస్తే గానీ రాదు.

బిగించినా పై నుంచి కిందికి కదులుతుంటే, లేదా వెన్ను మీద చేత్తో తట్టగానే లాక్ జారుతుంటే, ఇది చవకదనం తప్పే. బాగుచేయాలని చూడొద్దు. వేళ్ళ మీద మూసుకుంటుంది. వెనక్కి పంపండి, లేదా పక్కన పడేయండి. బ్లేడే వంకరగా వచ్చిందంటే దానికీ ఇదే మాట.

అంచు పళ్ళు పళ్ళుగా చిట్లింది

కొబ్బరిచిప్పలో గుచ్చి మెలితిప్పారా? అదే కారణం. గట్టి స్టీలు పల్చటి అంచుతో కోతకు నిలుస్తుంది గానీ మెలికకు నిలవదు. విక్టోరినాక్స్ జేబు చాకుల బ్లేడు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 56 దగ్గర ఉంటుంది. అది చిట్లే ముందు వంగుతుంది. వంగినది రాయి మీద తేలిగ్గా సరవుతుంది. 60 దాటిన స్టీలుకు చిట్లు పోవాలంటే 400 గ్రిట్ రాయి మీద చాలాసేపు కూర్చోవాలి. కొబ్బరికాయకు మచ్చుకత్తి ఉంది కదా!

కమ్మరి కొట్టిచ్చిన కత్తి ఒకచోట కోస్తోంది, ఒకచోట కోయడం లేదు

మన ఊళ్ళలో చాలా కత్తులు పాత లారీ కమాన్ పట్టాల నుంచి కొట్టినవే. ఆ స్టీలు మంచిదే. తేడా కాల్చడంలో వస్తుంది. ఒక కొస బాగా ఎర్రబడి, ఇంకో కొస పడక ముందే ముంచితే గట్టిదనం సమంగా రాదు. చిన్న ఆకురాయితో అంచు పొడవునా మెల్లగా గీసి చూడండి. గట్టి చోట జారుతుంది, మెత్తటి చోట కొరుకుతుంది. మెత్తటి చోటికి గుర్తు పెట్టి ఆ కమ్మరి దగ్గరికే తీసుకెళ్ళండి. మళ్ళీ కాల్చి ముంచుతారు, ఖర్చు పెద్దగా ఉండదు. చేసిన మనిషి దగ్గరికే నడిచి వెళ్ళి బాగుచేయించుకునే సౌకర్యం నా సేకరణలో మరే చాకుకూ లేదు.

ఖరీదైనది కొన్నాక పెట్టెలోంచి తీయబుద్ధి కావడం లేదు

అమెరికాలో ఇడాహోలో తయారయ్యే సెబెంజా మడత చాకు నాలుగు వందల డాలర్లకు పైనే. బిగింపులో, నునుపులో దానికి వంక పెట్టలేం. పదును కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ దానికి ఏమవుతుందోనన్న భయం మొత్తం మీ మీద పడుతుంది. గీత పడితే అమ్మకం ధర తగ్గుతుంది, నూరితే ఇంకా తగ్గుతుంది, ఇక మామిడికాయ మాట ఎత్తొద్దు.

నూరడంలో ఇంకో చిక్కు. 2001లో వచ్చిన ఎస్30వీ లాంటి స్టీళ్ళలో వనాడియం కార్బైడ్లు ఉంటాయి. అవి మామూలు అల్యూమినియం ఆక్సైడ్ రాయి కన్నా గట్టివి. రాయి చుట్టూ ఉన్న ఇనుమును అరగదీస్తుంది, కార్బైడ్‌ను కాదు. వాటికి డైమండ్ ప్లేటు కావాలి. నూరడం ఇంకా చేతికి రాని మనిషి ఈ స్టీలుతో మొదలుపెడితే విసుగే మిగులుతుంది. ముందు నాలుగు చవక చాకులు నూరి చేతికి కోణం అలవాటు చేసుకోండి. ఆ తర్వాత కూడా సెబెంజా కావాలనిపిస్తే కొనుక్కోండి, ఎవరూ వద్దనరు. నాకైతే ఆ డబ్బుతో ఇంకో పది రకాల పిడులు, పది రకాల అంచులు చేతిలో ఆడితేనే సేకరించినట్టు ఉంటుంది.

చాకు చేతిలోంచి పోయింది, లేదా పోయేలా ఉంది

జేబు చాకు వెంట ఉండటం అలవాటైనవాళ్ళకు తిరుపతిలో ఇది ప్రత్యేక సమస్య. అలిపిరి తనిఖీ దగ్గర బ్యాగులు స్కానర్‌లోకి వెళ్తాయి, చాకు కొండ మీదికి పోదు. తాళాల గుత్తికి వేలాడే 58 మిల్లీమీటర్ల విక్టోరినాక్స్ సంగతే చాలామంది మర్చిపోతారు. ఇంట్లో పెట్టి బయల్దేరండి. రేణిగుంట విమానాశ్రయంలోనూ చేతి సంచిలో చాకు ఉండకూడదు, చెక్-ఇన్ సామానులో వేయండి.

పెద్దవి కొనేటప్పుడు ఆయుధ నిబంధనలు గుర్తుంచుకోండి. బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉంటే ఆయుధాల జాబితాలోకి వస్తుంది. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవాటికి మినహాయింపు ఉంది. అంటే పెరట్లో మచ్చుకత్తికి ఇబ్బంది లేదు. అలంకారానికని తెప్పించుకునే పొడవాటి బాకుల జోలికి మాత్రం, ఎంత చవకగా దొరికినా, పోకండి.