డెల్టా పిట్టలతో పరిచయం – 5వ పాఠం: పొడగువ్వ

పోయిన పాఠంలో గోరింకను చూశాం. ఈసారి కొలతకు అదే పనికొస్తుంది. పొడగువ్వ గోరింక కంటే కాస్త పొడుగు, తోకతో కలిపి దాదాపు 30 సెంటీమీటర్లు.

పొద్దున ఆరింటికల్లా కోతలైన చేను పక్క పుంతలోనో, కొబ్బరితోటలోనో నిలబడండి. గువ్వలు నేలమీదే మేస్తాయి. రాలిన వడ్లు, గడ్డిగింజలు ఏరుకుంటూ తల ఊపుకుంటూ నడుస్తాయి.

అందరూ ముందు మెడ చూస్తారు. మెడ వెనక నల్లగుడ్డ మీద నువ్వులు చల్లినట్టు పట్టీ ఉంటుంది, నిజమే. కానీ కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. పిట్ట మనవైపు తిరిగితే పట్టీ సరిగా కనపడదు, పిల్లగువ్వకైతే అసలుండదు. అందుకని రెక్కలు చూడండి. గోధుమరంగు మీద లేత గులాబీ పొడలు పేరుకు తగ్గట్టే ఉంటాయి. మెడకు సన్నని నల్లగీత ఉండి, ఒళ్లంతా బూడిదరంగైతే అది వేరే గువ్వ. రొమ్ము పైభాగాన నల్లచుక్కలుండి, రెక్క అంచు నీలిబూడిదగా ఉన్న చిన్నది ఇంకొకటి. ఆ రెండింటికీ రెక్కల మీద పొడలుండవు. పిల్లగువ్వకు పొడలు కూడా మసకే, కాబట్టి పక్కన పెద్దవి ఉన్నాయేమో చూసుకోండి.

కొబ్బరాకుల్లో దాక్కుంటే చెవే దిక్కు. పొడగువ్వది "క్రుక్రూ... క్రూ... క్రూ" అని నెమ్మదిగా సాగే కూత. బూడిదగువ్వ మూడు ముక్కలుగా, నడిమిది ఒత్తి పలుకుతుంది. చిన్నది నవ్వు ఆపుకుంటున్నట్టు గబగబా కూస్తుంది.

కాలువ రేవులో నీళ్లు తాగేటప్పుడు తప్పక గమనించండి. గోరింక గుక్క తీసుకుని తల పైకెత్తుతుంది. గువ్వ ముక్కు ముంచి, తలెత్తకుండా పీల్చేస్తుంది.

గూడంటే నాలుగు పుల్లలే. పొదలోనో, మట్ట మొదట్లోనో, వసారా దూలం మీదో పెడుతుంది. రెండు తెల్లగుడ్లు, ఒక్కోసారి కిందినుంచే పుల్లల సందుల్లో కనపడతాయి. ఆడా మగా వంతులేసుకుని సుమారు రెండువారాలు పొదుగుతాయి. పిల్లలకు తొలిరోజుల్లో తమ మేతసంచిలో ఊరే పాలలాంటిది పెడతాయి. దయచేసి గూటి దగ్గరికి వెళ్లకండి. తల్లి లేచిందంటే ఆ తెల్లగుడ్లు కాకి కంట పడిపోతాయి. పది పన్నెండు అడుగుల దూరంలో ఆగిపోవాలి.

వచ్చే పాఠానికి: మూడు పొద్దులు, రోజుకు 20 నిమిషాలు చూడండి. ప్రతి గువ్వకూ రెక్క, మెడ, కూత అని మూడు గడులు గీసుకోండి. కనపడని గడిని ఊహతో నింపకుండా ఖాళీగానే వదిలేయండి.